ఎంగిలి తోట

తమలపాకు తోటల్లో తెగులు మందులు మానేసి పదేళ్లయింది. ఆకుమచ్చను తినే సూక్ష్మజీవి మనిషి నోట్లోనే బతుకుతుంది కాబట్టి, సువార్తమ్మ లాంటి కూలీలు రోజూ దానికి మేతగా కుళ్లిన చేపల కంపు కొట్టే గుజ్జు పుక్కిటపట్టి ప్రతి ఆకు మీదా ఉమ్మాలి.

ఆ రోజు పని ముగించి, వాంతి ఆపుకుంటూ సువార్తమ్మ ఆసామి ఇంటి ముందు నిలబడి మంచినీళ్లడిగింది. ఆసామి భార్య వర్ధనమ్మ చెంబు పైకెత్తింది.

“దోసిలి పట్టవే. మూతి తగిలితే చెంబు ఎంగిలవుద్ది.”

సువార్తమ్మ వంగి దోసిట్లో నీళ్లు తాగింది.

వర్ధనమ్మ అరుగు మీద కూర్చుని, తోటలో కోసిన ఆకుకు ఈనె తీసి, సున్నం రాసి బుగ్గన పెట్టుకుంది.

“ఈ ఏడు ఆకు భలే కమ్మగా ఉందే!”

“ఉండదా అమ్మగారూ! మీ ఇంటికి కోసే తీగల మీద రెండేసి సార్లు ఉమ్ముతున్నా.”