ఫ్రేము అంచున

“పాత టేపు బొమ్మ చిన్నదమ్మా. పెద్దది చేసి స్క్రీన్ నిండా పరిచా. కొత్త పెళ్ళి వీడియోలో అతుకే తెలియట్లేదు చూడండి,” మురిసిపోయాడు ఎడిటర్.

తెరమీద పడుచుతనపు తనను చూసి పెళ్ళికూతురి తల్లి తల అడ్డంగా ఊపింది.

“చిన్నగానే ఉంచు బాబూ.”

“పక్కల నల్లపట్టీలు పడతాయమ్మా. కంట్లో నలుసులా ఉంటుంది.”

“ఉండనీ. పెద్దది చేస్తే కింద తెగిపోయింది.”

“కింద ఏముందమ్మా, మీ చీర కుచ్చిళ్ళేగా!” అంటూనే పాత కొలతకు తగ్గించాడు.

ఫ్రేము అడుగు అంచున, కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకున్న నాలుగు చిట్టి వేళ్ళు కనిపించాయి.

“పెళ్ళికూతురి వేళ్ళా అమ్మా?”

“కాదు. పోయిన మా పెద్దాడివి. వాడిది మాకు మిగిలింది అంతే.”

క్లిప్పు చివర వేళ్ళు పట్టు వదిలాయి.

ఆమె చెయ్యి గభాలున కుర్చీ పక్కకు జారి, గాలిలో తడుముకుంది.