ఈ వారం వద్దక్కా

"ఎవడి నిర్వాకమోగానీ, కంప్యూటర్ తెరుచుకోక మూడు గంటలు జనంచేత తిట్లు తిన్నానక్కా!" ఆసుపత్రి మందుల కౌంటర్‌లో పనిచేసే చెల్లెలు కంప్యూటర్ల గదిలోకి విసురుగా వచ్చింది.

"లాగిన్లు సరిచూసే సర్వర్ పడిపోయిందే. బయటినుంచి ఎవడో ఒక్క తప్పుడు సందేశం పంపాడు, అంతే, కుప్పకూలింది," అంది ఆ సర్వర్ బాధ్యత చూసే అక్క. "దాన్ని తట్టుకునే అప్‌డేట్ వచ్చి నెలైంది."

"మరి అది వెయ్యకుండా నిద్రపోయిన మహానుభావుడెవరు?"

"నేనే."

అక్క ముందు సంజాయిషీ కాగితం ఉంది. ఉద్యోగం ఉండేదీ ఊడేదీ దానిమీదే. 'ఎందుకు వెయ్యలేదు?' అన్న ప్రశ్న కింద 'నా నిర్లక్ష్యం' అని రాసి ఉంది.

"నిర్లక్ష్యమా? తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసే నువ్వా?"

"అప్‌డేట్ వెయ్యాలంటే అరగంట సర్వర్ ఆపాలి కదే," అంది అక్క తలెత్తకుండా.

చెల్లెలికి అప్పుడు గుర్తొచ్చింది. 'కౌంటర్ దగ్గర జనం నన్ను పీక్కుతింటారు, ఈ వారం వద్దక్కా' అని ప్రతి వారమూ బతిమాలింది తనే.

పెన్ను లాక్కుంది. "నేనడిగితే అప్‌డేట్ వాయిదా వేశావని రాస్తాను."

"ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఇల్లెలా గడుస్తుందే?"

చెల్లెలు పెన్ను తిరిగిచ్చేసింది. అక్క సంతకం పెడుతుంటే, ఫ్యాన్ గాలికి కాగితం కదలకుండా అంచు పట్టుకుంది.