ఫ్యాను కింద కుర్చీ

"మిషన్ ఈల వేస్తోందంటే ఏం చెయ్యాలి బాబూ?"

చెవి మిషన్ల కొట్టు ఓనరు తలెత్తకుండానే నిట్టూర్చాడు.

ఫ్యాను కింద కుర్చీలో మళ్ళీ ఆ పెద్దాయనే. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చెవి వెనక అరచెయ్యి ఆనించి, జవాబు కోసం చూస్తున్నాడు.

కొనేది ఒక్క బ్యాటరీల అట్ట. అడిగేవి గంపెడు ప్రశ్నలు. అందుకే ఓనరు ఆయనకి 'సందేహాలాయన' అని పేరు పెట్టాడు.

"మీ మిషన్ బాగానే ఉందిగా?"

"నాకోసం కాదు బాబూ. వేరేవాళ్ళు అడిగారు."

"చెవిటివాళ్ళ సంఘానికి అధ్యక్షుడు కాబోలు," అన్నాడు ఓనరు పైకే. వినబడదన్న ధైర్యం మరి.

అయినా జవాబు చెప్పాడు. చెవిలో దూరే బుడిపె వదులైతే ఈల వేస్తుందనీ, సైజు మార్చుకోవాలనీ వివరించాడు. ఆయన రెండోసారి అడిగితే రెండోసారీ చెప్పాడు. అదేదో మంచితనం అనుకునేరు! గిరాకీ లేదు. ఈగలు తోలుకోవడం కన్నా అది నయం.

గిరాకీ లేకపోవడానికి కారణం వెబ్‌సైటు.

హెడ్డాఫీసు తన బ్రాంచీలన్నిటికీ ఒకే అచ్చులో పోసిన సైటు ఇచ్చింది. అన్నిటిలో అదే నవ్వుముఖం, అవే మాటలు, అడుగున అడ్రసు మాత్రం వేరు. బ్రాంచి ఓనరు అందులో ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదు. అద్దింటి గోడకి మేకు కొట్టకూడదన్నట్టు. నెట్‌లో వెతికితే ఈ కొట్టు పేరు ఎక్కడో నాలుగో పేజీలో తేలేది. అంతదాకా వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది?

ఏడాది చివరికి ఫోన్లు పెరగకపోతే బ్రాంచి వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని హెడ్డాఫీసు తేల్చి చెప్పింది. అదే జరిగితే ఓనరు మళ్ళీ మామగారి సిమెంటు గోడౌనుకి పోయి, ఆయన పిలిచినప్పుడల్లా చేతులు కట్టుకుని నిలబడాలి.

అందుకని బావమరిదిని పిలిచాడు. నెట్‌లో కొట్ల పేర్లు పైకి తేవడంలో బావమరిది నిపుణుడు. అలాగని తనే చెప్పుకునేవాడు.

"సైటు ముట్టుకోలేం బావా. బయటివాళ్ళ పేజీలు లింకులిచ్చి మన సైటుకి దారి చూపించాలి. అప్పుడే మనం పైకి లేస్తాం."

నాలుగు చోట్ల అడ్రసు ఎక్కించి, కాలు మీద కాలేసుకున్నాడు.

కొన్నాళ్ళకి నిజంగానే కొట్టు మొదటి పేజీలో మొదటి పేరైంది. ఫోను ఆగకుండా మోగింది. బావమరిది మీసం మెలేశాడు, మొలిచినంత మేరకి.

"నువ్వు మామూలోడివి కాదురా," అన్నాడు ఓనరు. అతనికి సొంత బల్ల వేయిద్దామనుకున్నాడు. గాలి తగిలే చోటు ఒక్కటే ఉంది.

"బాబూ, స్నానం చేసేటప్పుడు..." అంటున్నాడు సందేహాలాయన.

"లేవండి పెద్దాయనా. ఇది కొట్టు, సత్రం కాదు."

"ఏమన్నారు బాబూ?"

"లేవమన్నాను!"

కొట్టంతా ఉలిక్కిపడింది. పెద్దాయన లేచాడు. కుర్చీని గోడవారగా జరిపి మరీ వెళ్ళాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదే బాధ తప్పిందని బావా బావమరుదులు నవ్వుకున్నారు.

నెల తిరిగాక ఒక ఉదయం బావమరిది మొహం చిట్లించాడు.

"ఈ దరిద్రం చూడు బావా. మనకి దారి చూపించే పేజీల్లో ఇదే అన్నిటికన్నా ముందుంది."

బొమ్మల్లేవు, రంగుల్లేవు. గుమ్మడికాయలంత అక్షరాలు.

"ఏం రాశారు?"

"ఎవడు చదువుతాడు? ఇలాంటి చెత్తతో చుట్టరికముంటే మన పరువూ పోతుంది, ర్యాంకూ పోతుంది."

"అయితే తీయించెయ్."

మా పేరు వెంటనే తీసెయ్యకపోతే కేసు పెడతామని బావమరిది ఆ పేజీవాళ్ళకి మెయిలు కొట్టాడు. సాయంత్రానికల్లా 'అలాగేనండీ, క్షమించండి' అని జవాబొచ్చింది.

"చూశావా భయం!" అన్నాడు బావమరిది.

ఆ తరవాత ఫోను మోగడం తగ్గింది. కొట్టు రెండో పేజీకి జారింది. అక్కణ్ణించి మెల్లగా తన పాత చోటికే చేరింది.

"రూల్సు మార్చేశారు బావా," అన్నాడు బావమరిది. ఆ మర్నాటి నుంచి రావడం మానేశాడు.

ఏడాది చివర హెడ్డాఫీసు మనిషి వచ్చి బోర్డు కొలతలు తీసుకున్నాడు, కొత్త ఓనరు పేరు రాయించడానికి. అతను మెట్లు దిగుతుండగానే ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. పిల్ల చెవికి మిషనుంది.

"అమ్మయ్య, దొరికారు! పేజీలో ఇప్పుడు మీ పేరు లేదండీ. మా అమ్మ ముందే చూసి రాసిపెట్టుకుంది కాబట్టి సరిపోయింది."

"ఏ పేజీ?"

ఆవిడ ఫోను తిప్పి చూపించింది. గుమ్మడికాయలంత అక్షరాలు.

"వినబడనివాళ్ళు ఏ సందేహం అడిగినా ఇందులో జవాబు రాస్తారండీ. ప్రతి జవాబు కిందా, ఇది ఫలానా కొట్టాయన చెప్పారు అని మీ పేరుండేది. రెండోసారి అడిగినా విసుక్కోని మనిషట మీరు."

ఓనరు ఆ అక్షరాల మీదికి వంగాడు.

ఆవిడ కొట్టంతా కలియజూసింది. ఫ్యాను కింద బావమరిది బల్ల ఖాళీగా ఉంది.

"ఇక్కడో కుర్చీ ఉండాలి కదండీ?" అంది. "ఆ పేజీ నడిపే పెద్దాయన మా సందేహాలన్నీ పట్టుకొచ్చి, రోజూ అందులోనే కూర్చుని మిమ్మల్ని అడిగేవారట."