లైసెన్స్ ఉన్నదా, బిడ్డా?

“లైసెన్స్ ఉన్నదా, బిడ్డా?”

నిచ్చెన మీద నిలబడి పైపులోకి వైరు తోస్తున్న మల్లేష్‌కు ఒళ్లు మండిపోయింది.

కోదాడలో ఎక్కడ కొత్త ఇంటి పని మొదలైనా ఈ ముసలాయన ప్రత్యక్షం. ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. వైరింగ్ చేసేవాడు కనబడితే చాలు, ఇదే ప్రశ్న.

“నీకెందుకు పెద్దాయనా? నువ్వేమన్న కరెంటాఫీసోనివా?”

“కాదు.”

“మరి జర నడువు. నా పని నన్ను చేసుకోనీ.”

“ఉన్నదో లేదో చెప్పు, పోత.”

“లేదు! ఏం జేస్తవ్?”

ముసలాయన ఏమీ చేయలేదు. “పరీక్ష రాయి బిడ్డా,” అని మాత్రం అన్నాడు.

పరీక్షట! మల్లేష్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీసాలు రాకముందు నుంచి వైర్లతోనే బతుకుతున్నాడు. లైసెన్స్ కోసం తిరగనివాడేమీ కాదు. ఆఫీసులో ఏదో సర్టిఫికెట్ తెమ్మన్నారు, తెచ్చాడు. పని నేర్పిన మేస్త్రీ సంతకం తెమ్మన్నారు. ఆ మేస్త్రీ ఏనాడో కాలం చేశాడు, సంతకానికి ఏ లోకం పోవాలి? ఆఖరికి సార్ సెలవులో ఉన్నారు, రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

ఇట్లాగే పోతే గడ్డం గీయడానికి ఒక లైసెన్స్, ఇడ్లీ బండికి ఒక లైసెన్స్, గొర్లు కాయడానికి ఒక లైసెన్స్ అంటారు. గొర్రెల ఫొటోలు కూడా అతికించమంటారేమో!

లోపల నుంచి ఇంటామె శోభారాణి వచ్చింది. టీచరమ్మ. మాట చెవిన పడితే వదిలే రకం కాదు.

“మల్లేష్, నీకు లైసెన్స్ లేదా?”

“పనొచ్చు గదమ్మా! మీ అన్నగారింటికి గూడ నేనే చేసిన. ఏమన్న తేడా వచ్చిందా?”

“రాలేదులే. అయినా ఆయన అడిగాక భయంగా ఉంటుంది కదయ్యా.”

మర్నాటికి సూర్యాపేట నుంచి లైసెన్స్ ఉన్న ఇంకొకాయన వచ్చి అదే నిచ్చెన ఎక్కాడు. మల్లేష్ చేతిలో ఉన్న ఒక్క పనీ పోయింది. ఇంటికి పోయి భార్య గోపికకు ఏమని చెప్పాలో తోచలేదు.

బస్టాండు పక్కన చాయ్ హోటల్లో ముసలాయన దొరికాడు. మల్లేష్ రెక్క పట్టుకుని లేపాడు. గ్లాసులో చాయ్ ఒలికి పంచె మీద పడింది.

“ఏ కాంట్రాక్టర్ పంపిండు నిన్ను? మా పొట్ట కొడితె నీకేమొస్తది?”

“ఎవ్వలు పంపలే, బిడ్డా.”

“నీ నోటివల్ల నా పని పోయింది, ఎరుకేనా?”

ముసలాయన మొహం చిన్నబోయింది. “పోయిందా? మాఫ్ చెయ్యి. కని పరీక్ష మాత్రం రాయి.”

“మళ్ల గదే మాట! ఇగ కోదాడల కనబడితె మర్యాద దక్కదు!”

ఊరేదో చెప్పించుకుని, నలుగురూ చూస్తుండగానే మిర్యాలగూడ బస్సు దాకా నెట్టుకుంటూ పోయి ఎక్కించాడు.

ఆ తర్వాత ముసలాయన రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు మల్లేష్.

వానలు మొదలయ్యాక ఒక పెద్దామె మల్లేష్ ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చింది. చేతిలో బరువైన సంచి.

“లైసెన్స్ అడిగితె కోపానికొచ్చే పిలగాడివి నువ్వేనా? నేను సైదమ్మను. మిర్యాలగూడ నుంచొచ్చిన. ఆ అడిగేటాయన, ఐలన్న, మా ఇంటాయన.”

మల్లేష్‌కు పాత మంట మళ్లీ లేచింది.

“నా నోట్ల మన్ను కొట్టిండమ్మా మీ ఆయన! ఏడీ?”

“పోయిండు బిడ్డా. పానం బాగలేక దవాఖానల పడి మళ్ల లేవలే. నావల్ల ఆ పిలగాని పని పోయింది, నా సామాను వానికియ్యి అని చెప్పి పోయిండు.”

సంచి విప్పి చూశాడు. కటింగ్ ప్లేయర్, టెస్టర్లు, డ్రిల్లింగ్ మిషన్. వాడి వాడి నున్నబడ్డాయి. మల్లేష్ ఒక టెస్టరు చేతిలోకి తీసుకున్నాడు.

“పెద్దాయన గూడ వైరింగ్ చేసేటోడా?”

“మా దిక్కు సగం ఇండ్లు ఆయన చేతివే.”

“మరి మా ఎంబడి ఎందుకు పడ్డడమ్మా?”

సైదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“మా బిడ్డ కొత్తింట్ల దిగినంక, కరెంటు వైరు వచ్చే ఇనుప పైపుకు దండెం కట్టుకున్నది. అందరం కట్టేదే గద. ఒకనాడు తడిబట్టలు ఆరేస్తుంటె పైపుకు కరెంటొచ్చింది. దండెం పట్టుకున్న బిడ్డ పట్టుకున్నట్టే పోయింది.”

మల్లేష్‌కు కోపం తన్నుకొచ్చింది.

“పైపుకు కరెంటొచ్చేటట్టు ఎవడమ్మా వైరింగ్ చేసింది? లైసెన్స్ ఉన్నదా అని వాన్ని ముందుగాల ఎవ్వరు అడగలేదా?”

“ఎవ్వలు అడగలే, బిడ్డా,” అంది సైదమ్మ. “సొంత నాయిననాయె, ఎవలడుగుతరు?”