అన్నింటికీ బూడిద

తెగులు తగ్గిన నల్లపెట్టను పాపమ్మ గంప కింద నుంచి తీసి దొడ్లోకి వదిలింది. వదలగానే మిగతా కోళ్లన్నీ మీదపడి దాని నెత్తిన పొడిచాయి.

"చూస్తా నిలబడ్డావేందే? పొయ్యిలో బూడిద తే!" అని కోడలు హన్నమ్మ మీద అరిచింది.

హన్నమ్మ చేటలో బూడిద తెచ్చి నల్లపెట్టకు పూయబోయింది.

"దానొక్కదానికి కాదే, మతిలేనిదానా! అన్నింటికీ పుయ్యి. అన్నీ ఒక్క తీరుగా ఉంటే, బయట నుంచి వచ్చింది ఏదో వాటికి తెలవదు."

ఒక్కోదాన్నీ పట్టి పూశారు. కోళ్లు ఒళ్లు దులుపుకొని నూకల మీద పడ్డాయి. నల్లపెట్ట కూడా వాటి మధ్యే ఏరుకుంది.

"దీనికి నయమైందని నీకెవరు చెప్పారత్తా?"

"ఒకరు చెప్పాలా? మేత తింటంది, కనపడట్లా?"

"నాకు నయమైందని డాక్టరమ్మ చెప్పి పంపింది. అయినా నా కంచం గొడ్లపాకలోనే ఉంది."

"క్షయ పట్టినదాని కంచం నట్టింట్లో పెడతారటే? నోర్ముయ్!"

హన్నమ్మ పాకలో ఉన్న తన సత్తు కంచం తెచ్చి ఇంట్లోవాళ్ల సత్తు కంచాల్లో కలిపేసింది. పొయ్యిలో మిగిలిన బూడిదతో అన్నింటినీ తోమి, కడిగి, అత్త ముందు దొంతర పెట్టింది.

"ఇప్పుడు నాది ఏదో ఏరి అవతల పడెయ్యత్తా."

రెంటచింతల ఎండలో కంచాలన్నీ ఒక్క తీరుగానే మెరుస్తున్నాయి. పాపమ్మ వాటి వంక చూసింది. దొడ్లోకి చూసింది.

చివరికి పైనున్న కంచం లాక్కుని పీట మీద కూర్చుంది.

"చూస్తా నిలబడ్డావేందే? కూడు పెట్టు."