పెరట్లో బండ

"పైపులు ఖరాబున్నయని అమ్మేటప్పుడే చెప్పొద్దా, అవ్వా?"

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, మాకు ఇల్లమ్మిన సారవ్వను నిలదీశాను. కొనేముందు కుళాయిలన్నీ రెండేసి సార్లు తిప్పి చూసుకున్నదాన్ని మరి! సాయంత్రం వ్రతానికి చుట్టాలొస్తారు. బాత్రూంలో నీళ్లు కదలడం లేదు.

పెరటి మెట్టు మీద నిలబడ్డ సారవ్వ నోరు తెరిచేలోపే, పైపులు బాగుచేసే కిషన్ పైపులోంచి వెదురుబద్ద బయటికి లాగాడు. నల్లటి ముద్ద వచ్చింది.

"బొగ్గు మడ్డి. మీ సారు బొగ్గుబాయి డ్యూటీ బట్టలు బాత్రూంల ఉతుకుతున్నరా, అక్కా?"

"మరేడ ఉతకాలె?"

"పెరట్ల బండ మీద," అంది సారవ్వ. "మా ఆయినయి ముప్పై ఏండ్లు గాడనే ఉతికిన. నీళ్లు చెట్లకు పోతుండె. ఏది బిడ్డా, బండ కనపడ్తలేదు?"

అడ్డంగా ఉందని నేనే పీకించి మెట్టుగా వేయించాను. పొద్దున్నే ముగ్గు కూడా పెట్టాను.

కొంగు దించాను.

"నీ కాళ్ల కిందనే ఉన్నదవ్వా."