మెత్తని డబ్బా

మెట్ల మలుపులో ఆగి, అటూ ఇటూ చూసి, రెండు డబ్బాల మీది నంబరు చీటీలు ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు అతికించేశాడు కెమిస్టు.

ఒక డబ్బా అన్నయ్యకి. రెండోది ఎదురింటి లెక్కల మాస్టారికి. ఇద్దరికీ కొలెస్ట్రాల్ ఎక్కువే. అతను పనిచేసే కంపెనీ పెట్టిన పరీక్షకి ఇద్దరూ ఒప్పుకున్నారు. మూడు నెలలు రోజూ రొట్టె మీద రాసుకు తినాలి. వారానికో డబ్బా, తెచ్చిచ్చేది ఇతనే. సగం మందికి మందు కలిపిన మార్జరిన్, అంటే నూనెతో చేసే వెన్నలాంటిది, సగం మందికి వట్టి మార్జరిన్. ఎవరికేది వెళ్తోందో ఎవరికీ తెలియకూడదు.

కానీ చేసిన చేతికి తెలియదా? ఆ మందు, మొక్కల నుంచి తీసే స్టెరాల్, ఇసుకలా పంటికి తగిలే పొడి. దాన్ని నూనెతో జతకలిపి మెత్తబరిచేది ఎంజైము. కాస్త వేడెక్కితే చాలు, చచ్చి ఊరుకుంటుంది. కొత్త అల్లుణ్ణి చూసుకున్నట్టు దాన్ని చూసుకున్నది ఇతనే. మందు కలిసింది వట్టిదానికంటే ఓ పిసరు మెత్తన. బొటనవేలితో నొక్కగానే తెలిసిపోయింది, అన్నయ్యకి రాసిపెట్టింది వట్టి డబ్బా అని.

మాత్రలు వేసుకుంటే అన్నయ్యకి కాళ్ళు పట్టేస్తాయి. డాక్టరు చేతులెత్తేశాడు. ఉన్న ఆశ ఇదొక్కటే.

"ఏరా, మొహం అలా ఉందేం?" అన్నాడు అన్నయ్య, డబ్బా అందుకుంటూ.

"ఏం లేదు. ఎండలో వచ్చా."

వారం వారం అదే పని. వారం వారం మాస్టారు ఎదురొచ్చి, "నీ చేతి చలవయ్యా" అని భుజం తట్టేవారు. అతనికి తల కొట్టేసినట్టుండేది. ఆయనకీ భార్య ఉంది, బడికెళ్ళే మనవరాలుంది. అన్నం సయించేది కాదు.

ఫలితాలొచ్చాయి. మాస్టారికి బాగా తగ్గింది. అన్నయ్యకి ఎక్కడిదక్కడే.

తన వేలే అబద్ధం చెప్పిందా? మంచిది లాక్కుంటున్నాననుకుని, వట్టిది తన చేత్తోనే అన్నయ్యకి అంటగట్టాడా? ఇక దాచలేకపోయాడు. మాస్టారింటికి వెళ్ళి, గుమ్మంలోనే అంతా కక్కేశాడు.

మాస్టారు కోప్పడలేదు. కుర్చీ చూపించారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు చీటీలు మార్చడం మొదటి రోజే మెట్ల పైనుంచి చూశాడయ్యా మీ అన్నయ్య, 'వాడు దొంగతనంగా తెచ్చింది నా గొంతు దిగదు మాస్టారూ' అంటూ ప్రతి వారం తన డబ్బా నాకిచ్చేసి, నాది పట్టుకెళ్ళేవాడు."